కనుబొమలతో చెప్పిన జవాబు

మీరే చేశారు ఈ పని. నెపం వాతావరణం మీదకు నెట్టకండి, ఇంటర్నెట్ మీదకు నెట్టకండి. ఉత్తరాన మంచు సముద్రం ఒడ్డునున్న ఉగ్రువిక్ అనే ఊళ్లో ఆ రోజు గాలి లేదు, తెర మీద బొమ్మ అద్దంలా ఉంది. విశ్వవిద్యాలయం తన వేసవి కోర్సుకి పిల్లల్ని తాను ఎంచుకోలేక ఇంటర్వ్యూల పని మీ సంస్థ చేతిలో పెట్టింది. దక్షిణాన ఎక్కడో, మార్చి నెలలో కిటికీలు తెరుచుకుని కూర్చోగలిగే చోట ఉండి, మీరు మెర్నా అతోరక్ అనే పిల్లను ప్రశ్నలు అడిగారు. ఆమె ప్రతి ప్రశ్నకూ జవాబు చెప్పింది. మీరు ప్రతి ప్రశ్నకూ ఎదురుగా ‘జవాబు లేదు’ అని రాసుకున్నారు.

అక్కడితో ఆగారా? ‘ఈ అభ్యర్థికి స్పష్టమైన లక్ష్యం లేదు, ఎదురుదెబ్బలను తట్టుకునే గుణం ఇంకా అలవడలేదు’ అని ఉత్తరం రాసి తీర్పు కూడా చెప్పారు. ఆ ఉత్తరానికి తట్టుకోవడం ఎలాగో నేర్పే వీడియో పాఠం ఒకటి జతచేశారు. అందులో ఒకమ్మాయి ఎండలో బండరాయి మీద కూర్చుని, కళ్లు మూసుకుని, నింపాదిగా ఊపిరి పీలుస్తూ ఉంటుంది.

తట్టుకోవడం నేర్పుతారట. మెర్నాకి.

మెర్నా వాళ్ల అమ్మమ్మ ఇల్లు సముద్రం వైపు ఒరుగుతూ ఉంటుంది. ఆ ఇల్లొక్కటే కాదు, ఊళ్లో సగం ఇళ్ల తీరు అదే. ఏడాది పొడుగునా రాయిలా గడ్డకట్టి ఉండాల్సిన నేల ఇప్పుడు వేసవి వచ్చేసరికి మెత్తబడుతోంది. ఇంటి కాళ్లు ఒక్కోటి ఒక్కోలా దిగబడతాయి. తలుపు పట్టదు. సూప్ గిన్నె బల్ల మీద పెడితే ఒక పక్క అంచు దాకా వస్తుంది, ఇంకో పక్క సగానికే ఉంటుంది. ప్రతి వేసవిలో మెర్నా, ఆమె పెద్దమ్మ కొడుకు డెల్బర్ట్ జాకీలు తీసుకుని ఇంటి కిందకి పాక్కుంటూ పోతారు. బురదలో వెల్లకిలా పడుకుని, దూలం కింద జాకీ ఆనించి, కొద్దికొద్దిగా ఎత్తి, చెక్క దిమ్మలు దోపుతారు. పైన అమ్మమ్మ నేల మీద ఒక బంగాళదుంప పెట్టి కాలితో తడుతూ కేకేస్తుంది: “ఇంకా దొర్లుతోంది.” దుంప కదలకుండా నిలబడితే ఆ ఏటికి ఇల్లు సరిపోయినట్టు. అమ్మమ్మను ఆ ఊరి పిల్లలు ఆనా అంటారు. మెర్నా తల్లిదండ్రులు గనిలో పనికి పోయి వారాల తరబడి అక్కడే ఉంటారు కాబట్టి, ఆ పిల్లకు ఇల్లన్నా ఆనాయే, ఇంటి మనిషన్నా ఆనాయే.

కిందటేడు మెర్నాకి ఈ వేసవి కోర్సులో సీటు వచ్చింది కూడా. బయల్దేరాల్సిన రోజున గాలి లేచింది. విమానం దిగలేదు. వారం పోయాక దిగింది. ఆమె నగరానికి వెళ్లేసరికి సీటు ఇంకొకరికి ఇచ్చేశామన్నారు. తిరుగు విమానంలో వచ్చి, సంచి గుమ్మంలో పడేసి, “జాకీ ఎక్కడుంది?” అని అడిగింది. ఈ ఏడు మళ్లీ అప్లై చేసింది.

ఆ పిల్లకున్న లక్ష్యం ఇది: ఏటా ఎత్తక్కర్లేని ఇల్లు కట్టడం నేర్చుకోవాలి. ఈ మెత్తబడే నేల మీద నిలబడే ఇల్లు. వేసవి కోర్సు గట్టెక్కితే ఇంజనీరింగ్‌లో నేరుగా సీటు. బడిలో ఉన్నవాళ్లకే ఆ కోర్సు, మెర్నా బడి ఈ మే నెలతో అయిపోతుంది. అంటే ఇదే ఆఖరి ఛాన్సు. మీ ఉత్తరం గురువారం వచ్చింది. శుక్రవారం సాయంత్రంతో జాబితా మూసేస్తామని అందులోనే రాశారు.

ఉత్తరాన్ని మొదట చూసినవాడు కోల్బీ సార్. ఒహాయో నుంచి ఆగస్టులో వచ్చిన లెక్కల మాస్టారు. మంచివాడు. మంచివాడు కాబట్టే వచ్చినప్పటినుంచీ లోపల్లోపల కుమిలిపోతున్నాడు, ఈ ఊరి పిల్లలు తనతో మాట్లాడరని. క్లాసయ్యాక మెర్నాని ఆపి, కంప్యూటర్ ఆమె వైపు తిప్పాడు. ఆమె చదివింది. రెండోసారి చదివింది.

“ఆ రోజు భయపడ్డావా, మెర్నా?”

మెర్నా ముక్కు ముడిచింది.

“వాళ్ల ప్రశ్నలు అర్థం కాలేదా?”

మళ్లీ ముక్కు ముడిచింది.

“మరి జవాబులు చెప్పావా?”

కనుబొమలు పైకెత్తింది.

కోల్బీ సార్ కాసేపు చూసి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. “నాతో చెప్పడం ఇష్టం లేకపోతే పోనీలే.”

“చెప్పాను కదా సార్.”

“ఏం చెప్పావు?”

“ఇప్పుడు మీరు అడిగినవన్నీ,” అని మెర్నా కోటు తొడుక్కుని వెళ్లిపోయింది. గుమ్మం దాటేదాకా బాగానే నడిచింది. తర్వాత చర్చి వెనక గాలి తగలని చోట నిలబడి, ముఖానికి చేతులడ్డం పెట్టుకుంది. కన్నీళ్లు రెప్పల మీదే గడ్డకట్టే చలి. అక్కడ ఎక్కువసేపు ఏడవడం కుదరదు.

ఇంటికి వచ్చేసరికి ఆనా అట్టముక్క పరుచుకుని నేల మీద కూర్చుని, గడ్డకట్టిన చేపను ముక్కలు కోస్తోంది. డెల్బర్ట్ బల్ల దగ్గర ఉన్నాడు, డీజిల్ వాసనతో. ఊరి నూనె బంకు దగ్గర ఇళ్లవాళ్ల పీపాలు నింపడం అతని పని. సంగతి విని ఆనా కత్తి ఆపింది.

“ఎవరు రాశారు అలా?”

“ఆ రోజు తెరలో కనబడిందే, ఆవిడ. వెండల్.”

“నేను పొయ్యి పక్కనే ఉన్నానే. ఆవిడ అడుగుతోంది, నువ్వు చెప్తున్నావు. ఆవిడే తొందరపడింది. నువ్వు ఔనని, నోరు తెరవబోతుంటే ఇంకో ప్రశ్న. అంత ఆత్రమేంటో. పొయ్యి మీద ఏమన్నా పెట్టొచ్చిందా?”

డెల్బర్ట్ మెర్నా ఫోను లాక్కుని ఆ వీడియో పాఠం పెట్టాడు. “చూద్దాం ఆగు, ఏం నేర్పుతారో. ఈవిడకి వచ్చిన కష్టమేంటట?”

“పరీక్షలో మార్కులు తగ్గాయట.”

“అయ్యో పాపం. ఎండ కూడా గట్టిగానే కొడుతున్నట్టుంది.”

“అన్నా, నవ్వించకు. నాకిప్పుడు నవ్వాలని లేదు.”

“నేను నవ్వించట్లేదే. నేర్చుకుంటున్నా. ఊపిరి పీల్చమంటోంది, పీల్చు. జాకీ జారి చెయ్యి నలిగినప్పుడు నీకీ సంగతి తెలిసుంటే ఎంత బాగుండేది.”

మెర్నా నవ్వింది, ఆ వెంటనే కళ్లు తుడుచుకుంది. డెల్బర్ట్ ఫోను బల్ల మీద బోర్లా పెట్టాడు. ఊళ్లో ఎవడి మీదైనా జోకులేసే మనిషి, కాసేపు చేతి గోళ్లలోని నల్లటి మడ్డి చూసుకున్నాడు.

“నాకూ ఇదే మాట రాశారు, రెండేళ్ల కింద. లక్ష్యం లేదని. నేను నిజమే అనుకున్నా.”

“ఏంట్రా నువ్వనేది?” అంది ఆనా. “నీకు మార్కులు చాలలేదన్నావు కదా.”

“మార్కులంటే పరువుగా ఉంటుందని అలా చెప్పా. చదువుకున్నోళ్లు చూసి రాశారు కదా ఆనా, నాలోనే ఏదో తక్కువుందనుకున్నా.”

అప్పుడే ఎవరో తలుపు తట్టారు. ఆ ఊళ్లో తలుపు తట్టేది పోలీసైనా అయ్యుండాలి, మాస్టారైనా అయ్యుండాలి.

“తలుపు ఎలాగూ పట్టదు నాయనా,” అని ఆనా కేకేసింది. “తట్టక్కర్లేదు. నెట్టు.”

కోల్బీ సార్ టోపీ మీద మంచుతో లోపలికి వచ్చాడు, చంకలో కంప్యూటర్‌తో. ‘మీ తప్పులు మీరే చూసుకుని దిద్దుకోండి’ అని వాళ్లు ఇంటర్వ్యూ వీడియో కూడా పంపారట. మెర్నాతో కలిసి చూస్తే ఎక్కడ తడబడిందో తెలుస్తుందని ఆయన ఆశ. ఆనా ఆయన ముందు ఎండుచేప, అది ముంచుకు తినడానికి నూనె గిన్నె పెట్టింది. డెల్బర్ట్ కంప్యూటర్ కింద చెక్కముక్క పెట్టి, ఒరిగిన బల్ల మీద అది నిటారుగా నిలిచేలా చేశాడు. అందరూ తెర ముందు చేరారు.

తెరలో వెండల్‌గారు నవ్వు ముఖంతో అడుగుతోంది: “నీకంటూ ఒక లక్ష్యం ఉందా, మెర్నా? ఉంటే దాని గురించి మాకు చెప్తావా?” పక్క గడిలో మెర్నా ముఖం. రెండు మూడు క్షణాలు. “సరే, పర్లేదు,” అని వెండల్‌గారు తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయింది.

“చూశారా,” అన్నాడు కోల్బీ సార్ బాధగా. “ఇక్కడే.”

“ఇక్కడే ఏంటి?” అంది ఆనా. “ఔనంది కదా.”

“ఎప్పుడు?”

“ఇప్పుడే. మీ ఎదురుగానే.”

కోల్బీ సార్ వెనక్కి తిప్పాడు. మళ్లీ ప్రశ్న. మళ్లీ ముఖం. ఆయన కంప్యూటర్ దగ్గర చెవి పెట్టాడు, శబ్దం పెంచాడు. “నాకేం వినబడట్లేదు.”

“వినకండి,” అన్నాడు డెల్బర్ట్. “చూడండి. కనుబొమలు లేపింది. లక్ష్యం ఉంది, చెప్తాను అంది. చెప్పేలోపే ఆవిడ పోయింది.”

తర్వాతి ప్రశ్న: “చదువు కష్టమనిపిస్తే మధ్యలో వదిలేసి ఇంటికి వచ్చేస్తావా?” తెరలో మెర్నా ముక్కు ముడిచింది.

“కాదంది,” అంది ఆనా.

“మామూలుగా కాదు, గట్టిగానే అంది,” అన్నాడు డెల్బర్ట్. “ఆ ముడత చూడండి. నేనైతే ఇంకోసారి అడగడానికి భయపడతా.”

కోల్బీ సార్ చేతిలో ఎండుచేప అలాగే ఉండిపోయింది. మెల్లగా మెర్నా వైపు తిరిగాడు. “ఆగు. అంటే క్లాసులో నేను హోంవర్క్ చేశారా అని అడిగినప్పుడు…”

“చేశామని చెప్తూనే ఉన్నాం సార్.”

“ఎప్పటినుంచి?”

“ఆగస్టు నుంచి. మీరే మళ్లీ మళ్లీ అడుగుతారు. మీకు కొంచెం చెవుడేమో అనుకున్నాం. పాపం, అడిగితే బాధపడతారని ఎవరం అడగలేదు.”

ఆయన ముందు నోరు తెరిచాడు, తర్వాత తల బల్ల మీద ఆనించి నవ్వడం మొదలుపెట్టాడు. భుజాలు కదిలిపోయేలా నవ్వాడు. నెలల తరబడి మోసిన బరువు దిగితే మనిషి అలాగే నవ్వుతాడు. ఆనాకి కారణం పూర్తిగా తెలియకపోయినా ఆమె కూడా నవ్వింది. మెర్నా మాత్రం తెర వైపే చూస్తోంది. ఆ తెరలో ఉన్న పిల్ల రాయిలా కూర్చోలేదు. అడిగినదానికల్లా జవాబు చెప్పింది. తప్పు తనది కాదు. పొద్దుటి నుంచి గుండె మీద కూర్చున్నది ఏదో కాస్త పక్కకి జరిగింది.

ఇది నవ్వుకునే సంగతి ఆ ఇంట్లో వాళ్లకి, ఆ మాస్టారికి. మీకు కాదు. మీ ముందు ఒక మనిషి ముఖం ఉంది. మీరు ఆ ముఖాన్ని చూడలేదు, మీ చేతిలోని ప్రశ్నల వరుస చూసుకున్నారు. ఆ పిల్లకి నోరు తెరిచే వ్యవధి ఇవ్వలేదు. అవతలివాళ్లు అడగడం నిజంగా ముగించారా లేదా అని కాస్త ఆగి చూసి మాట్లాడటం ఆమె పెంపకం. మీ పెంపకంలో ఆ ఆగడానికి పేరు ‘జవాబు లేదు’.

శుక్రవారం పొద్దున్నే గాలి లేచింది. ఆనా ఇంట్లో ఫోను చుట్టూ మళ్లీ ఆ నలుగురే. బడి మూసేశారు కాబట్టి కోల్బీ సార్ ఖాళీ. నూనె బంకు కూడా మూశారు కాబట్టి డెల్బర్ట్ ఖాళీ. మీ ఆఫీసు నంబరుకి చేస్తే రికార్డు చేసిన గొంతు ఒకటి నొక్కమంది, రెండు నొక్కమంది, సంగీతం వినిపించింది. అలా ఎంతసేపు తిప్పారో మీకే తెలియాలి. చివరికి వెండల్‌గారు దొరికింది. కోల్బీ సార్ అంతా విడమరిచి చెప్పాడు. ఆవిడ విన్నది. విని, చాలా మర్యాదగా, రెండోసారి ఇంటర్వ్యూ చేసే నియమం లేదంది.

ఆనా చెయ్యి చాపింది. కోల్బీ సార్ ఫోను ఇచ్చేశాడు.

“అమ్మాయ్, నేను ఈ పిల్ల అమ్మమ్మని. మొన్న నువ్వు అడిగేటప్పుడు నేనక్కడే ఉన్నా. బాగానే అడిగావు, నీ మీద నాకు కోపం లేదు. కానీ జవాబు తీసుకోకుండా లేచిపోయావు. మా ఇంటికొచ్చి ఎవరన్నా గిన్నె ముట్టకుండా లేచిపోతే, వాళ్లకేదో తొందరుందనుకుని మళ్లీ పిలిచి కూర్చోబెడతాం. నిన్నూ అలాగే పిలుస్తున్నా. వచ్చి కూర్చో.”

అవతల చాలాసేపు చప్పుడు లేదు. ఆనా తొందరపడలేదు. ఆగడం ఆమెకి వచ్చు.

“మధ్యాహ్నం కుదురుతుంది,” అంది చివరికి వెండల్‌గారు. “కాసేపే. అయిదింటికి జాబితా పంపేయాలి.”

అసలు ఇబ్బంది అప్పుడు మొదలైంది. కోల్బీ సార్ ఎదురుగా కూర్చుని ప్రశ్నలడిగి సాధన చేయించాడు. “నీకు లక్ష్యం ఉందా?” కనుబొమలు లేచాయి. “నోటితో, మెర్నా.” “సరే సార్.” “నీకు లక్ష్యం ఉందా?” మళ్లీ లేచాయి. మెర్నా చేత్తో నుదురు నొక్కిపట్టుకుని కూర్చుంది. నుదురు నొక్కితే మాట కూడా నొక్కుకుపోయింది.

“నాకు రాదు సార్. ఎదురుగా ముఖం ఉంటే ముఖంతోనే వచ్చేస్తుంది. ఇంకాసేపట్లో ఆవిడ మళ్లీ ‘పర్లేదు’ అని వెళ్లిపోతుంది. కిందటేడు గాలి, ఈ ఏడు నా మొహం. ఇంక చాలు నాకు.”

ఆమె లేచి గోడవైపు తిరిగి నిలబడింది. జాకీ జారినప్పుడు అనలేదు ఆ మాట, సీటు పోయినప్పుడు అనలేదు. డెల్బర్ట్ ఆమెను చూసి, గోడకున్న రేడియో వైపు చూశాడు. ఆ ఊళ్లో ప్రతి ఇంట్లోనూ, ప్రతి పడవలోనూ ఉండే రేడియో అది. గొట్టంలాంటి మైకు మీద మీట నొక్కి మాట్లాడితే ఊరంతా వింటుంది. మాట అయిపోయాక ‘ఓవర్’ అంటారు, అప్పుడు అవతలివాళ్ల వంతు.

“ఒసేయ్, శరత్కాలంలో పొగమంచు పట్టినప్పుడు మన పడవలకి ఒడ్డు మీంచి దారి చెప్పిందెవరు?”

మెర్నా కనుబొమలు లేపింది, తనేనని.

“పొద్దున్న మొదలుపెడితే అన్నం వేళ దాకా నోరు మూయలేదు నువ్వు. చిన్నాన్న పడవ దిగి, ‘దారి దొరికిందిగానీ చెవులు పోయాయి’ అన్నాడు. అక్కడ ముఖాలు లేవు కాబట్టే కదా.” మైకు తీగ పీకేసి, ఆమె చేతిలో పెట్టాడు. “కెమెరా ఆపేయ్. దీన్ని పట్టుకో. ఆవిడ పొగమంచులో ఉంది. దారి చెప్పు.”

మధ్యాహ్నం తెర నల్లగా ఉంది. ‘కెమెరా పనిచేయట్లేదా?’ అని వెండల్‌గారు అడిగింది. పనిచేస్తుంది, మేమే ఆపేశాం అని కోల్బీ సార్ చెప్పాడు. మెర్నా ‘ఓవర్’ అనేదాకా దయచేసి మాట్లాడొద్దు అని కూడా చెప్పాడు. మెర్నా కిటికీ వైపు తిరిగి, ఎక్కడికీ తగిలించని మైకు నోటి దగ్గర పెట్టుకుని, పనిచేయని మీట నొక్కింది.

“నీకు ఒక లక్ష్యం ఉందా, మెర్నా?”

“ఉంది. ఇల్లు.” ఆగింది. అవతల వెండల్‌గారు ఊపిరి పీల్చడం వినబడింది, మాట మొదలుపెట్టబోతున్నట్టు. డెల్బర్ట్ చెయ్యెత్తాడు, ఆవిడకి కనబడదని మర్చిపోయి. ఆవిడ ఎందుకో ఆగింది. “మా ఆనా ఇల్లు ఏటా ఒరుగుతుంది. ఏటా మేం ఎత్తుతాం. ఎత్తే మనుషులు లేని ఇళ్లు మా ఊళ్లో ఇంకా ఉన్నాయి. కిందకి పోయి చూస్తే కాళ్లెందుకు దిగబడుతున్నాయో కనబడుతుందిగానీ, దిగబడకుండా ఏం చెయ్యాలో నాకు తెలీదు. తెలిసినవాళ్లు ఒకసారి వచ్చారు. ఫోటోలు తీసుకుని వెళ్లిపోయారు. నాకు తెలిస్తే నేను వెళ్లిపోను, ఎందుకంటే నా మంచం ఇక్కడే ఉంది. ఓవర్.”

“నీకు ఎదురైన కష్టం గురించి చెప్తావా?”

“కిందటేడు గాలి. విమానం రాలేదు. వెళ్లేసరికి సీటు లేదన్నారు. ఏడ్చా. విమానంలోనే ఏడ్చేశా, ఇంటికొచ్చాక తీరిక ఉండదని. ఇల్లు ఒరిగి ఉంది. ఓవర్.”

ఆనా కళ్లజోడు తీసింది. విమానంలో ఏడ్చిన సంగతి ఆమెకి ఇప్పుడే తెలిసింది.

“మళ్లీ అలాంటి ఎదురుదెబ్బ తగిలితే తట్టుకోగలవా?”

మెర్నా కనుబొమలు లేచాయి. మిగతా ముగ్గురూ చూశారు. ఆమె మీట గట్టిగా నొక్కింది.

“తట్టుకుంటా. మీరు మూడు రకాలుగా అడిగినా అదే చెప్తా. కానీ ప్రతిసారీ నేను తట్టుకుంటానా అనే అడుగుతున్నారు. గాలి వస్తే నా సీటు ఒక వారం ఆపుతారా అని నేను అడగొచ్చా? ఓవర్.”

గాలి గోడల్ని రాసుకుంటూ పోతోంది. కంప్యూటర్‌లోంచి ఏ మాటా రాలేదు. కోల్బీ సార్ లైను తెగిందేమోనని సిగ్నల్ వైపు చూశాడు. ఉంది.

“అడగొచ్చు,” అంది వెండల్‌గారు మెల్లగా. “దానికి నా దగ్గర జవాబు లేదు. కనుక్కుని చెప్తాను.” కొంచెం ఆగి, అలవాటులేని మాట పలుకుతున్నట్టు అంది: “ఓవర్.”

తర్వాత ఎదురుచూడటం. డెల్బర్ట్ దుంపలు కోస్తానని కూర్చుని తొక్కలన్నీ మందంగా తీశాడు, ఆనా చేత తిట్లు తిన్నాడు. కోల్బీ సార్ గుమ్మం దగ్గర మంచు ఊడుస్తూనే ఉన్నాడు, గాలి మళ్లీ తెచ్చి పోస్తూనే ఉంది. మెర్నా మైకు వదల్లేదు.

ఫోను మోగింది. మెర్నా తీసింది. విన్నది. కనుబొమలు లేపింది, ఫోనులో కనబడదని గుర్తొచ్చి, “సరే,” అంది. ఇంకోసారి “సరే,” అంది. పెట్టేసింది.

“ఏంటే?” అంది ఆనా.

“సీటు ఇచ్చారు. ఆవిడ విశ్వవిద్యాలయం వాళ్లని అడిగిందట. గాలి వస్తే వారం ఆపుతామన్నారట. కాగితం మీద రాసిస్తారట.”

ఎవరూ అరవలేదు. ఆనా మెర్నా ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, ఆమె చెంపకి ముక్కు ఆనించి గట్టిగా ఊపిరి పీల్చింది, పసిదిగా ఉన్నప్పుడు చేసినట్టు. డెల్బర్ట్ మైకు తీగ తిరిగి తగిలించాడు. ఆనా మీట నొక్కి ఊరందరికీ చెప్పింది: “మా మెర్నా చదువుకోడానికి పోతోంది. ఇంటికి కాళ్లు పెట్టడం నేర్చుకోడానికి. మా ఇంట్లో దుప్పి సూపు ఉంది. ఓవర్.”

రేడియో గరగరలాడింది. ఒక్కో ఇల్లూ పలికింది. “మంచి మాట విన్నాం.” “దాని తాత ఉంటే చూసేవాడు.” ఒక ముసలి గొంతు, ఊరి అవతలి చివర నుంచి: “నాలుగేళ్లు పడుతుందా? అందాకా మా వంటిల్లు ఎవరెత్తుతారో కూడా చెప్పండి. ఓవర్.” ఇంట్లో నలుగురూ నవ్వారు. మెర్నా నేల మీదే కూలబడి నవ్వింది. సూపు గిన్నెలు వాలుగా నిండాయి. రొట్టెబిళ్లలు నూనెలో ముంచుకుని తిన్నారు. నిన్నటినుంచి తను ఏమీ తినలేదని రెండో గిన్నె అయ్యాక మెర్నాకి గుర్తొచ్చింది.

అప్పుడు చూసింది. డెల్బర్ట్ అందరికంటే ముందు తిని, బూట్లు వేసుకుంటున్నాడు.

“గాలి తగ్గలేదు కదన్నా. ఎక్కడికి?”

“ఊరికే.”

“నీ వీడియో కూడా వాళ్ల దగ్గర ఉంటుంది కదా.”

డెల్బర్ట్ ముక్కు ముడవలేదు. కనుబొమలు ఎత్తలేదు. ఆ ముఖం ఏమీ చెప్పకుండా ఉండటం మెర్నా అంతకుముందెప్పుడూ చూడలేదు.

“నిన్నేం అడిగారు?”

“నిన్నడిగిందే. లక్ష్యం ఉందా, చెప్తావా అని.” బూటు తాడు బిగించాడు. “సముద్రం మీద మంచు ఎప్పుడు పలచబడుతుందో, ఎక్కడ కాలు పెట్టకూడదో కొలిచి ముందే చెప్పే చదువుందట. మన చిన్నాన్నలాంటివాళ్లు వేటకి పోయేముందు చెప్పొచ్చు. అది చెప్దామనుకున్నా. ఔనన్నా. ఆవిడ ‘పర్లేదు’ అంది.”

మెర్నా లేచి ఫోను అందుకుంది. అయిదు కాలేదు ఇంకా. వెండల్‌గారే తీసింది.

“మేడమ్, మెర్నాని. మా అన్న డెల్బర్ట్‌ది రెండేళ్ల కిందటి వీడియో మీ దగ్గర ఉంది. తియ్యండి. శబ్దం లేకుండా ముఖం ఒక్కటే చూడండి. వాడు కూడా చెప్పాడు. ఓవర్.”

“చూస్తాను, మెర్నా.”

“చూస్తానంటే కాదు మేడమ్. ఎప్పుడో చెప్పండి. ఓవర్.”

“సోమవారం.”

డెల్బర్ట్ ఒక బూటుతోనే నిలబడ్డాడు. కోల్బీ సార్ అతని ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

“పిలిస్తే వెళ్తావా?”

డెల్బర్ట్ చాలాసేపు ఏమీ అనలేదు. కోల్బీ సార్ రెండోసారి అడగలేదు. కాసేపటికి కనుబొమలు కొంచెమే, కనబడీ కనబడనట్టు పైకి లేచాయి.

“వెళ్తానంటున్నాడు,” అన్నాడు కోల్బీ సార్.

ఇంక మీ వంతు. సోమవారం అన్నారు కాబట్టి సోమవారమే. డెల్బర్ట్ బడి దాటిపోయాడు, నియమం ఒప్పుకోదు అని మళ్లీ మర్యాదగా చెప్పకండి. వాడు బడిలో ఉన్నప్పుడే జవాబు చెప్పాడు, అందుకోనిది మీరు. పోయిన రెండేళ్లు మీ లెక్కలో వేసుకోండి, వాడి లెక్కలో కాదు. వాడొక్కడితో ఆపకండి. ఈ తీరం పొడుగునా ఉన్న ఊళ్ల పిల్లల ముఖాలు మీ దగ్గర ఉన్నాయి, ‘జవాబు లేదు’ అన్న మాట కింద. అన్నీ బయటికి తీయండి. చదవడం వచ్చిన మనిషిని, ఈ ఊళ్లలోంచే, పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. ఆ మాట కొట్టేసి, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలవండి. ఎండలో ఊపిరి పీల్చే ఆ పాఠాన్ని వెనక్కి తీసుకోండి. పిలిచాక, అడిగాక, ఆగండి. వాళ్లు ముగించేదాకా ఆగండి.